కంటికి తేట.. కాంతికి మసక
నీళ్ల మురికిని పట్టించే వెలుగు పరీక్ష

చంద్రపూర్: తొలకరి పడిందంటే వాగులు, నదులు ఎర్రబారుతాయి. బిందెలో పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం మన పెద్దలకు తెలిసిన విద్యే. కాసేపటికి మట్టి అడుక్కి చేరి పైన తేటనీరు నిలుస్తుంది. అయితే ఆ తేట ఎంత తేట? కంటితో చెప్పడం కష్టం. ఆ లెక్క తేల్చేది కాంతి.

పక్కకు చెదిరితే పట్టేస్తుంది

నీళ్లలో తేలే సన్నటి మట్టి, నాచు తమ మీద పడిన వెలుగును నలుదిక్కులా చెదరగొడతాయి. సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము మెరిసినట్టే. బడి పాఠాల్లోని కాంతి పరిక్షేపణం ఇదే. టర్బిడిటీ మీటర్‌లో చిన్న గాజు సీసాలో నీళ్లు పోసి వెలుగు పంపుతారు. సూటిగా వెళ్లే వెలుగును కాకుండా, 90 డిగ్రీల కోణంలో పక్కకు చెదిరిన దాన్ని కొలుస్తారు. ఎంత ఎక్కువ చెదిరితే అంత మసక. లెక్క ఎన్‌టీయూల్లో వస్తుంది.

4 దాటితేనే కంటికి..

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం సుమారు 4 ఎన్‌టీయూ దాటితేగాని మసక మామూలు కంటికి ఆనదు. మన దేశ ప్రమాణం (ఐఎస్ 10500, 2012) మాత్రం తాగునీటిలో 1 మించొద్దంటోంది. వేరే నీళ్లు దొరకనప్పుడే 5 దాకా సరే. అంటే 3 ఉన్న నీళ్లు గ్లాసులో తళతళలాడుతూనే ఉంటాయి. ముప్పు అక్కడే. మట్టి రేణువుల చాటున దాక్కున్న క్రిములకు క్లోరిన్ సరిగా తగలదు. వాంతులు, విరేచనాలకు దారి అదే.

ఇరై నుంచి ప్రాణహిత దాకా..

చంద్రపూర్ పట్టణానికీ, థర్మల్ విద్యుత్ కేంద్రానికీ ఇరై డ్యామే ఆధారం. చైత్రంలో మహాకాళి యాత్రకొచ్చే తెలుగు భక్తులు స్నానాలు చేసే ఝర్‌పట్ కూడా ఇరైలోనే కలుస్తుంది. ఇరై వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ ఒక్కటై ప్రాణహితగా తెలంగాణ సరిహద్దు వెంట సాగుతాయి. ఇక్కడి మురికి అక్కడికీ చేరేదే.

మీటర్‌కు చిక్కనివీ ఉన్నాయి

జిల్లాలో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది నీళ్లలో కరిగి ఉంటుంది కనుక వెలుగును చెదరగొట్టదు, మరగబెట్టినా పోదు. దానికి ల్యాబ్‌లో వేరే పరీక్ష చేయించాల్సిందే.

ఇంట్లో ఓ చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చీకటి గదిలో గాజు గ్లాసులో నల్లా నీళ్లు పట్టి టార్చి వేసి, పక్కనుంచి చూడాలి. నీళ్లలో వెలుగు బాట స్పష్టంగా కనిపిస్తే మసక ఉన్నట్టే. కనిపించకపోయినా వానాకాలంలో వడగట్టి, మరగబెట్టి తాగడం మానొద్దు.