బిరుదావళులందలి భాషాశైలి

రాజస్తుతి యనగానే ముఖస్తుతి యని త్రోసివేయుట నేడు పరిపాటి యైనది. కాని దాని భాషను విప్పి చూచినవారు అంత సులభముగ త్రోసివేయజాలరు. ఉత్తర నైజీరియాలోని హౌసా ప్రభువుల కొలువులందు ‘మరోకా’ లను స్తుతిపాఠకులు ‘కిరారి’ యను పొగడ్తపేరులతో ప్రభువును సింహమనియు, ఏనుగనియు పిలుతురు. మన వందిమాగధులును, భట్టులును చేసినది ఇట్టి పనియే.

తిరుత్తణి ఒకప్పుడు కార్వేటినగర సంస్థానములోనిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఆ ప్రభువుల ‘సాళువ’ నామము మొదట బిరుదమే. సాళువ మనగా వేటడేగ. చంద్రగిరి నేలి, 1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహుని ‘కఠారి సాళువ’ యనిరి. చేతి బాకును, ఆకాశపు డేగయు రెండు మాటలలో నిమిడినవి. బిరుదము వంశనామ మగుట మనకు క్రొత్త గాదు.

బిరుదావళికి భాషాభేదము లేదు. ‘మూరురాయర గండ’ యనునది కన్నడము. ‘హిందూరాయ సురత్రాణ’ యనుచోట సుల్తాను శబ్దము సంస్కృతవేషము దాల్చి, సురలను రక్షించువాడను అర్థమును గూడ సంపాదించుకొన్నది. ఇట్టి చమత్కారము నిఘంటువు ముందుంచుకొని చేయునది కాదు. పలుభాషలు వినబడు కొలువున పుట్టునది. ‘భాషెగె తప్పువ రాయర గండ’ యనునది మరియొకటి: ఆడినమాట తప్పు రాజులపాలిటి మగడు. నిండుసభలో నిత్యము ఈ మాట వినిపించుకొను రాజు తాను మాట తప్పుట యెట్లు? దీనిని ముఖస్తుతి యనుటకు నాకు మనసొప్పదు. ఇది పొగడ్తరూపమున వేసిన సంకెల.

వీనియందు సమాపకక్రియ లరుదు. నామముపై నామము పేర్చుకొనిపోవుటయే నడక. క్రియ యున్నచో కాలము వచ్చును. కాలము వచ్చినచో ఆ ఘనత ముగిసిన కథ యగును. కావ్యములలో ఈ పేర్పునకు విభక్తి ఆధారము. అవతారిక చివర కృతిపతి విశేషణము లన్నియు ‘కున్’ తో ముగియు షష్ఠ్యంతములు. ఆశ్వాసముల మొదలు తుదలందు సంబోధనలు. ఉదాహరణ కావ్యమున నైతే ఎనిమిది విభక్తులును వరుసగా స్తుతికి వినియోగపడును. పాల్కురికి సోమనాథుని బసవోదాహరణము ఆ మార్గమునకు తెలుగున తొలి లక్ష్యము.

తమిళనాట 2006 నాటి శాసనము తరువాత మా పిల్లలు ఒకటవ తరగతినుండి తమిళము తప్పక చదువుచున్నారు. తెలుగునకు మిగిలిన కొద్ది గంటలలో ప్రబంధభాష చెప్పుట కష్టమే. ఐనను షష్ఠ్యంతములు వచ్చినపుడు వారికొక మేలున్నది. తమిళ వ్యాకరణమున ‘కు’ నాలుగవ విభక్తి; మన బాలవ్యాకరణ సంప్రదాయమున ‘కున్’ ఆరవది. “అక్కడ నాలుగైనది ఇక్కడ ఆరెట్లయినది?” అని వారడుగుదురు. ఒక్క తెలుగే చదివిన పిల్లవాని కీ సందేహము పుట్టదు. కృతి నిచ్చుట యనగా సంప్రదానము గదా, అర్థమునుబట్టి చతుర్థియే యుక్తము. సంస్కృత మర్యాదలో ‘కొఱకున్, కై’ లకు నాలుగవస్థాన మీయగా ‘కున్’ షష్ఠిలో చేరినదని చెప్పుదును. అటుపిమ్మట వారు పద్యమున ‘కున్’ కనబడినచోట నెల్ల గీత గీయుచు, ఆ గీతల నడుమనున్న దీర్ఘసమాసములను తామే విడదీయ మొదలుపెట్టుదురు.