తొలి ఏకాదశి ఉపవాసం – పేలాల పిండి: శాస్త్రనిషేధం, లోకాచారం

ఆషాఢ శుద్ధ ఏకాదశిని తెలుగువారు తొలి ఏకాదశి అంటారు. చైత్రం నుండి లెక్కిస్తే, నడుమ అధికమాసం రాని ఏడాదిలో, ఇది ఏడవ ఏకాదశి. ఏడవది ‘తొలి’ ఎట్లా అయిందన్న ప్రశ్నకు పురాణం ఒక సమాధానం, పొలం మరొక సమాధానం ఇస్తాయి. విష్ణువు శేషతల్పంపై యోగనిద్రకు ఉపక్రమించే ఈ శయనైకాదశితో చాతుర్మాస్యం ఆరంభమవుతుంది. కార్తికంలో స్వామి మేల్కొనే వరకు సాగే వ్రతకాలానికి ఇది తొలిదినం. సిద్దిపేట జిల్లా ములుగు వంటి మెట్ట ప్రాంతాలకు మృగశిర కార్తెతో సేద్యపు ఏడాది మొదలవుతుంది. విత్తులు పడిన తరువాత వచ్చే తొలి పెద్ద పండుగ ఇదే.

ఏకాదశి వ్రతనియమాలలో ప్రధానమైనది అన్నవర్జనం. హరివాసరాన పాపాలన్నీ అన్నాన్ని ఆశ్రయించి ఉంటాయని పురాణభావన. రుక్మాంగదుడు ఏకాదశినాడు భుజించడం కన్నా కుమారుని శిరస్సు ఖండించడానికే సిద్ధపడ్డాడన్న నారదపురాణ కథ ఈ నిషేధ తీవ్రతను చెబుతుంది. ప్రౌఢకవి మల్లన ఆ కథను తెలుగులో కావ్యంగా మలిచాడు.

ఇంత కఠినమైన నిషేధం ఉన్న దినాన తెలంగాణ పల్లెల్లో తప్పనిసరి నైవేద్యం పేలాల పిండి. జొన్నలను మంగలంలో వేయించి, పేలాలను దంచి లేదా విసిరి, బెల్లం కలిపి చేస్తారు. జొన్న ధాన్యమే కదా! లోకాచారం శాస్త్రాన్ని ఉల్లంఘించిందనుకోవడం తేలిక. కాని ధర్మశాస్త్ర నిబంధాలు పూర్ణోపవాసానికి అశక్తులైనవారికి ప్రత్యామ్నాయాలను చెప్పాయి. నక్తం, హవిష్యాన్నం, అనోదనం, ఫలాలు, తిలలు, పాలు, నీరు ఇట్లా సాగే ఆ క్రమంలో ఒకదాని కన్నా తరువాతిది ప్రశస్తం. ఇక్కడ ‘అనోదనం’ కీలకం. ఓదనమంటే నీట ఉడికించిన అన్నం. అది కానిది అనోదనం. పేలం నీట ఉడకదు. గింజలోని తేమే ఆవిరై దానిని విచ్చుతుంది. పేలాల పిండి నిషేధానికి వెలుపల కాకపోయినా మినహాయింపు పరిధిలోకి వస్తుందని వాదించడానికి ఈ మాట ఆధారమిస్తుంది. ఆచరించే గృహిణులు నిబంధకారులను సంప్రదించి ఈ వంట చేశారని దీని అర్థం కాదు.

పేలాలు పితృదేవతలకు ప్రీతికరమనీ, వానాకాలంలో దేహానికి వేడినిస్తాయనీ ఏటా పండుగపూట పత్రికలు రాస్తాయి. ఆచారం ఎట్లా పుట్టిందో ఈ రెండూ వివరించవు. ఆషాఢంలో పొలాన ఉన్నది మొలకే, కొత్త ధాన్యం కాదు. యాసంగి జొన్న మాత్రం ఇంట్లో నిలువ ఉంటుంది. ఆ గింజనే దేవునికి పెట్టారనుకోవడం మరింత సహేతుకం.

2024 జూలై 17న, 2025 జూలై 6న తొలి ఏకాదశి, మొహర్రం పదవనాడు ఒకేరోజు వచ్చాయి. నెలవంక దర్శనంతో మొదలయ్యే నెలలో పదవ రోజు శుద్ధ ఏకాదశి ప్రాంతంలో పడడం సహజం. ఆ రెంటి నడుమ అధికమాసం రాలేదు గనుక మరుసటి ఏడూ కలయిక నిలిచింది. పీరీలెత్తే ఊళ్లలో ఒకే పూట రెండు నైవేద్యాలకు సందర్భం ఏర్పడింది.

ఇటీవలి దశాబ్దాలలో ఈ మెట్టభూములలో జొన్న తగ్గి మొక్కజొన్న, పత్తి పెరిగాయి. పేలాల పిండిలోనూ చాలా ఇళ్లలో మొక్కజొన్న పేలాలే వాడుతున్నారు. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ పంటకు ప్రాచీన స్మృతికారుల ధాన్యగణనలో చోటు లేదు. నైవేద్యపు గిన్నెలోకి మాత్రం ఏ అభ్యంతరమూ లేకుండా చేరిపోయింది.