అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం – మన అందరి సొత్తు

ఉస్మానియా ఆసుపత్రి పని మీద హైదరాబాద్ పోయే మన మోస్రా, బోధన్ వాసులు మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఆ పెద్ద భవనాన్ని బయటనుంచి చూసే ఉంటారు. లోపలికి అడుగుపెట్టినవారు తక్కువ. అదే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. పెద్దలు ఇప్పటికీ ఆసఫియా కుతుబ్‌ఖానా అనే అంటారు.

ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ 1891లో దీన్ని స్థాపించారు. ఇప్పటి భవనానికి 1932లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ శంకుస్థాపన చేయగా, 1936లో గ్రంథాలయం అందులోకి మారింది. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం, ఫారసీ, అరబ్బీ పుస్తకాలు ఒకే కప్పు కింద ఉండడం మాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇలాంటి కట్టడానికి మొదటి శత్రువు నీరు. కప్పు మీది తూములో ఆకులు పేరుకుంటే వాన నీరు నిలుస్తుంది. గోడ సందులో రావి మొలక వేరూనుతుంది. దాన్ని చిన్నప్పుడే తీస్తే ఖర్చు లేదు. తర్వాత గోడే విప్పాల్సి వస్తుంది. రెండో శత్రువు, చెబితే చాలామంది నమ్మరు గానీ, సిమెంటు. సున్నపు గోడ వానకాలంలో తేమ పీల్చి ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కి, పాత పూత పెచ్చులూడుతుంది. కాబట్టి పాత గోడకు మరమ్మతు సున్నంతోనే చేయాలి. మన ఊళ్లలోని పాత మసీదులకు, గడీలకు, గుళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పుస్తకాల బీరువాలను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపితే చెదలు, చెమ్మ రెండూ ముందే కంటబడతాయి.

అయితే తాళం వేసి కాపాడిన భవనం ఎవరికి? పోటీ పరీక్షలకు చదివే పేద పిల్లలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చునే చోటు అది. కుర్చీ, ఫ్యాను, మంచినీళ్లు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి కూడా సంరక్షణలో భాగమేనని మేము భావిస్తున్నాము. మనుషులు తిరిగే గదిలో కారే కప్పు సంగతి ఆ రోజే తెలుస్తుంది.

దూరాన ఉన్న మనకేమి సంబంధం అనుకోవద్దు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మన జిల్లాలోని గ్రంథాలయాలకు అదే ఆధారం. ఈ ఏడు పన్ను కట్టేటప్పుడు రసీదులో ఆ పద్దు చూడండి. జమ అయిందా లేదా అని గ్రామసభలో అడగండి.