శిక్షకు గడువుంది, మచ్చకు లేదు

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే సిద్దిపేటలో తెల్లవారకముందే గ్రౌండ్లు నిండిపోతాయి. కోచింగ్‌లకు, స్టడీ హాళ్లకు అప్పు చేసైనా పిల్లల్ని పంపే కుటుంబాలు జిల్లా అంతటా ఉన్నాయి. రాతపరీక్ష, పరుగు, కొలతలు అన్నీ గట్టెక్కాక అభ్యర్థి చేతికి అటెస్టేషన్ ఫారం వస్తుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీమీద కేసు నడిచిందా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఇప్పుడు ఏ కేసైనా పెండింగ్‌లో ఉందా? అన్నిటికీ అవును లేదా కాదు అని జవాబు రాయాలి. తప్పు సమాచారమిస్తే ఉద్యోగానికి అనర్హులవుతారన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంటుంది.

నిమజ్జనం రోజు కొట్లాటలో పేరెక్కిన కుర్రాడున్నాడు. అన్నావదినల కాపురం చెడి, వరకట్న వేధింపుల కేసులో ఇంటిల్లిపాదితో పాటు నిందితుడైన తమ్ముడున్నాడు. దొంగతనం చేసి శిక్ష అనుభవించి వచ్చినవాడూ ఉన్నాడు. ముగ్గురూ నింపాల్సింది ఆ ఒక్క ఫారాన్నే. ఊరు వాళ్లను చూసే తీరు కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. ‘వాని మీద కేసుందట’ అన్న మాట పుట్టాక అది ఏ కేసు, ఏమైంది అని అడిగేవాళ్లు తక్కువ.

నిజానికి జైల్లో ఉన్నవారంతా దోషులు కారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. రేపు వాళ్లలో ఎందరు నిర్దోషులుగా బయటికొచ్చినా, ఊళ్లో ‘జైలుకు పోయొచ్చినోడు’ అన్న పేరు మాత్రం మిగిలిపోతుంది.

కేసుకు, ఉద్యోగానికి మధ్య ఎంత పెద్ద గోడ లేస్తుందో 2022 జూన్ 17న తెలంగాణ కళ్లారా చూసింది. సైనిక నియామకాల తీరు మార్చిన అగ్నిపథ్ పథకానికి వ్యతిరేకంగా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు చేరిన యువకుల్లో చాలామంది ఆర్మీలో చేరాలని ఏళ్ల తరబడి కష్టపడినవాళ్లే. బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు, పదుల మంది చంచల్‌గూడ జైలుకు వెళ్లారు. రెండు రోజుల తర్వాత సైన్యం తన మాట చెప్పింది: విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ హామీ ఇవ్వాలి, పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి, ఎఫ్ఐఆర్ ఉంటే చేరే వీల్లేదు. రైలుకు నిప్పుపెట్టడం క్షమించదగ్గది కాదు. కానీ నిప్పుపెట్టిన చేతికీ, గుంపులో నిలబడ్డ మనిషికీ తేడా తేల్చాల్సింది కోర్టు. అది తేల్చేలోపే వయోపరిమితి దాటిపోతుంది.

కేసు ఉన్నంత మాత్రాన మనిషి నేరస్తుడైపోడని సిద్దిపేటకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009 నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ నిరాహార దీక్షకు ఎంచుకున్నది ఈ ఊరినే. దారిలో కరీంనగర్ దగ్గర అలుగునూరులో ఆయన్ను అరెస్టు చేశారు. ఆ రోజుల్లో రాస్తారోకోలు, బంద్‌లలో కేసులైన విద్యార్థుల్ని ‘ఇగ నీకు సర్కారు నౌకరీ రాదు’ అని ఇంట్లోవాళ్లే భయపెట్టేవారు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ఉద్యమ కేసుల ఎత్తివేతకు పూనుకుంది. కేంద్రం చేతిలో ఉన్న రైల్వే కేసులు మాత్రం ఏళ్ల పాటు సాగాయి. కేసు వెనకున్న కారణం తెలిసినప్పుడు ఈ సమాజం మనిషిని మనిషిగానే చూసింది. ఆ పాటి విచక్షణ మిగతావాళ్ల విషయంలో ఎందుకు కరువవుతోంది?

కోర్టులు ఆ విచక్షణనే చూపమంటున్నాయి. సందీప్ కుమార్ అనే యువకుడు 1999లో ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు చేశాడు. అంతకుముందు ఇంట్లో అద్దెకున్నవారితో జరిగిన గొడవలో అతనిపై కేసైంది, రాజీతో ముగిసింది. దరఖాస్తులో దాన్ని చెప్పలేదని అధికారులు ఎంపిక రద్దు చేశారు. 2011లో సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. కుర్రతనంలో చేసిన చిన్న తప్పుకు జీవితాంతం దోషిగా ముద్ర వేయకూడదని చెబుతూ, ఒక్క రొట్టె దొంగిలించి బతుకంతా దొంగ అనిపించుకున్న విక్టర్ హ్యూగో నవలా పాత్ర జీన్ వాల్జీన్‌ను తీర్పులో ప్రస్తావించింది.

2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి వివాదాలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. నినాదాలు చేయడం లాంటి చిన్న కేసును దాచినా యజమాని దాన్ని మన్నించవచ్చు. ఉద్యోగ స్వభావం, నేర తీవ్రత, అభ్యర్థి స్థితిగతులు చూసి నిర్ణయించాలి. అయితే ముగిసిపోయిన కేసును నిజాయతీగా చెప్పుకున్నా, అభ్యర్థి పూర్వచరిత్రను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. ఉద్యోగం ఇచ్చితీరాలని ఒత్తిడి చేయడానికి లేదు. నిజం చెప్పినవాడికి కూడా పూర్తి భరోసా లేదన్నమాట. అందుకే ఎంపికై ఆగిపోయిన అభ్యర్థుల రిట్ పిటిషన్లు తెలంగాణ హైకోర్టు మెట్లెక్కుతూనే ఉన్నాయి.

ఇవన్నీ సర్కారు కొలువుల ముచ్చట. కోర్టు దాకా వెళ్లే స్తోమత లేనివారికి మిగిలేది ప్రైవేటు పని. అక్కడా తలుపులు చాలా మూసే ఉంటాయి. చదువు లేనివారికి పట్నంలో తేలిగ్గా దొరికేది సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం కోర్టు శిక్ష వేసిన వ్యక్తిని గార్డుగా పెట్టుకోకూడదు. ఎన్నేళ్ల క్రితం శిక్ష, ఏ నేరం అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. గల్ఫ్‌కు పోదామంటే చాలాచోట్ల పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. ఐటీ కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి.

దీనికి భిన్నంగా ఒక చట్టం మాత్రం గడువు పెట్టింది. ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడిన నాయకుడు విడుదలైన ఆరేళ్లకు మళ్లీ ఎన్నికల్లో నిలబడవచ్చు. శాసనసభలో కూర్చోవడానికి ఆరేళ్లు చాలంటున్న దేశంలో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చోవడానికి జన్మంతా చాలడం లేదు.

జైలు నుంచి వచ్చినవారిని నమ్మి పని ఇస్తే ఏమవుతుందో మన జైళ్ల శాఖే చేసి చూపించింది. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే, 2013లో హైదరాబాద్ చంచల్‌గూడ జైలు దగ్గర పెట్రోల్ బంక్ తెరిచి ఖైదీలకు పని ఇచ్చింది. తర్వాత వి.కె.సింగ్ తెలంగాణ జైళ్ల శాఖ అధిపతిగా ఉన్న కాలంలో ఇలాంటి బంకులు పెరిగాయి, విడుదలైనవారికీ వాటిలో ఉద్యోగాలు దొరికాయి. బంకులో పనంటే చేతిలో పెట్రోలు పైపు, జేబులో నోట్ల కట్ట, ఎదురుగా క్యూ కట్టిన బండ్లు. మన సమాజం ‘వీడి చేతికి డబ్బివ్వొద్దు’ అని ఎవరి గురించి అంటుందో, సరిగ్గా వాళ్ల చేతికే రోజంతా డబ్బు ఇచ్చిన ప్రయోగమిది. బండి ఆపినవాళ్లు మీటరు చూసుకుని, చిల్లర తీసుకుని వెళ్లిపోతారు. ‘మై నేషన్’ పేరుతో జైళ్లలో తయారయ్యే వస్తువులనూ జనం కొంటున్నారు.

జైలంటే మనకు కుతూహలం కూడా ఉంది. సిద్దిపేట పాత మెదక్ జిల్లాలో ఉన్నప్పుడు జిల్లా జైలు సంగారెడ్డిలో ఉండేది. 1796 నాటి ఆ కట్టడాన్ని మ్యూజియంగా మార్చి, 2016లో ‘ఫీల్ ద జైల్’ పథకం పెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కట్టి, ఖైదీ బట్టలు వేసుకుని ఒకరోజు లోపల గడిపే వీలుండేది. అది సరదాగా ఉండి వచ్చేవాళ్ల కోసం. నిజంగా ఉండి వచ్చినవాళ్లకు అద్దె ఇల్లు దొరకడమే గండం.

పుట్టుకే నేరచరిత్ర అయిన ఊళ్లు కూడా తెలుగు నేలమీద ఉన్నాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను మొత్తంగా నేరగాళ్లనేసింది. ఆ నీడలోనే 1913లో సాల్వేషన్ ఆర్మీ బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌ను నెలకొల్పింది. చట్టం 1952లో రద్దయింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడి కుటుంబాల మధ్య సంస్కరణకు ఏళ్ల తరబడి శ్రమించారు. చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డవారు ఎందరున్నా, సినిమాలకు మాత్రం ఆ ఊరు ఇంకా దొంగల కథగానే కావాలి.

ఈ ముద్ర ఎంత బరువో అమెరికాలో డివా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త కొలిచి చూపారు. మిల్వాకీ నగరంలో ఒకేలాంటి అర్హతలున్న యువకుల్ని ఉద్యోగాలకు పంపి, 2003లో ఫలితాలు ప్రచురించారు. నేరచరిత్ర లేదన్న తెల్లజాతి యువకులకు 34 శాతం చోట్ల మళ్లీ పిలుపు వస్తే, ఉందన్నవారికి 17 శాతమే వచ్చింది. నల్లజాతివారిలో అది 14 నుంచి 5కు పడిపోయింది. చరిత్రలో మచ్చ లేని నల్లజాతి కుర్రాడికన్నా, జైలుకెళ్లొచ్చానన్న తెల్లజాతి కుర్రాడికే ఎక్కువ పిలుపులు. నేరచరిత్ర మచ్చ ఎవరిమీదైనా పడవచ్చు. అప్పటికే చిన్నచూపు చూసేవారిమీద మరింత బరువుగా పడుతుంది.

ఈ మచ్చకు గడువు పెడుతూ బ్రిటన్ 1974లోనే నేరస్తుల పునరావాస చట్టం తెచ్చింది. తీవ్ర నేరాలను మినహాయించి, శిక్షను బట్టి కొంత గడువు దాటితే మామూలు ఉద్యోగాల్లో పాత శిక్ష గురించి చెప్పనక్కర్లేదు. పిల్లలతో, నిస్సహాయులతో పనిచేసే ఉద్యోగాలకు ఈ వెసులుబాటు లేదు. అమెరికాలో హవాయి 1998లో మరో దారి పట్టింది. ఉద్యోగం ఇస్తామన్నాకే నేరచరిత్ర అడగాలంది. మనిషిని ముందు పనితో కొలిచి, తర్వాత గతాన్ని చూడమనడమే దీని ఉద్దేశం.

మన చట్టాల్లోనూ ఈ ఆలోచన లేకపోలేదు. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం, పెద్దవారిలా విచారించిన ఘోర నేరాలు తప్ప, మైనర్‌గా చేసిన తప్పు తర్వాతి జీవితంలో అనర్హత కాకూడదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం పన్నెండో సెక్షన్, సత్ప్రవర్తన షరతుతో ప్రొబేషన్‌పై వదిలినవారికి శిక్షతో వచ్చే అనర్హతలు అంటవంటుంది. బాలలకు, ప్రొబేషన్ పొందినవారికి ఉన్న ఈ రక్షణ, చిన్న నేరానికి శిక్ష పూర్తి చేసి కొన్నేళ్లు ఏ గొడవా లేకుండా బతికినవారికీ అందాలి. గడువు ఎంతన్నది పార్లమెంటు తేల్చవచ్చు. అసలు గడువే లేకపోవడం మాత్రం అన్యాయం.

చట్టం వచ్చేదాకా ఆగకుండా చేయగలిగినవి సిద్దిపేటలోనే ఉన్నాయి. చిన్న కేసుల్లో ‘ఒప్పుకొని ఫైన్ కట్టి పో, ఒడిసిపోతది’ అన్న సలహా కోర్టు ఆవరణలో తరచూ వినిపిస్తుంది. నేరం ఒప్పుకొని జరిమానా కడితే అదీ శిక్ష కిందే లెక్క. మద్యం తాగి బండి నడిపిన కేసైనా అంతే. ఒప్పుకునేముందు లోక్ అదాలత్‌లో రాజీకి వీలుందా, ప్రొబేషన్ అడగవచ్చా అని లాయర్‌ను గానీ జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ అడగాలి. అర్హులకు అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. కేసు కొట్టేస్తే ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని భద్రపరచాలి. వెరిఫికేషన్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ కాపీని జతచేయాలి. ఉద్యోగమిచ్చేవారు అడగాల్సినవీ మూడే: ఏ నేరం, ఎన్నేళ్లయింది, మేమిచ్చే పనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?