పాడిన దెవరు? ఆడిన దెన్నడు?

పాత పాట యొకటి చెవిని బడిన తోడనే అది ఏ చిత్రములోనిది, పాడిన వారెవరు, వ్రాసిన వారెవరు అను ప్రశ్నలు మనలో చాలమందికి కలుగుచుండును. ఇవి రాజ్యములను నిలుపు ప్రశ్నలు కావు. వీనికి జవాబు తెలియనంత మాత్రమున ఎవరి భోజనమునకును లోటు రాదు. అయినను ఒక్కొక్కప్పుడు ఇట్టి చిన్న ప్రశ్న రాత్రి నిద్ర పట్టనీయదు. ఇంటిలోని వారిని అడుగుదుము, పొరుగువారిని అడుగుదుము, తుదకు ముక్కు మొగము తెలియని వారిని సైతము అడుగుదుము. విచిత్రమేమనగా, సరియైన సమాధానము పెక్కుసార్లు ఆ తెలియనివారి వద్దనే దొరకును. ఏల అట్లు జరుగును? దొరికిన సమాధానము నమ్మదగినదని యెట్లు నిర్ణయింపవలెను? ఈ రెండు విషయములను ఇక్కడ విచారింప దలచితిమి.

మొదట రేడియోకు సంబంధించిన ఉదంతమునే చెప్పుకొందము. 1949లో 'మహల్' అను హిందీ చిత్రము వెలువడెను. దర్శకుడు కమాల్ అమ్రోహీ. సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్. నాయిక మధుబాల ధరించిన పాత్ర పేరు కామిని. అందులోని పాట యొకటి దేశమంతట మారుమ్రోగినది. కాని గ్రామఫోను రికార్డు మీద గాయని పేరుండవలసిన చోట 'కామిని' అనియే అచ్చు వేయబడినది. ఇందులో మోసమేమియు లేదు. అది ఆనాటి వాడుక. టాకీలు వచ్చిన క్రొత్తలో నటీనటులు తమ పాటలు తామే పాడుకొనెడివారు. తరువాత తెర వెనుక పాడువారు వేరైనను, రికార్డు చీటీ మీద పాత్ర పేరు వేయుట కొంతకాలము సాగినది.

పాట విన్న శ్రోతలు ఊరకుండలేదు. ఈ కామిని యెవరని రేడియోవారిని అడిగిరి. రేడియోవారు రికార్డు కంపెనీని విచారించి, గాయని పేరు తెలిసికొని ప్రకటించిరి. ఆమె లతా మంగేష్కర్. అప్పటికి ఆమె వయస్సు 20 సంవత్సరములు. 1955లో 'సంతానము' చిత్రమున సుసర్ల దక్షిణామూర్తిగారి సంగీతములో ఆమె పాడిన జోలపాటను తెలుగువారు నేటికిని మరువలేదు. నాడు అడిగిన శ్రోతలు ఒకరినొకరు ఎరిగిన వారు కారు. వారి పేర్లు మనకు మిగులలేదు. కాని వారు అడిగిరి గనుకనే ఒక కళాకారిణి పేరు ఆమె పాటతో కూడ జనులకు చేరినది. ఇట్టి ప్రశ్నలు కేవలము కాలక్షేపము కావనుటకు ఇంతకన్న నిదర్శనమేల? కళాకారునికి చివరకు దక్కు కూలి అతని పేరే. అది తప్పిపోయినచో మరల చేర్పవలసిన బాధ్యత విన్నవారికిని కొంత కలదు.

గాయని జీవించి యున్న కాలమున, కంపెనీ చేరువలో నున్నప్పుడు, జవాబు సులభముగ దొరకినది. మనుష్యులు గతించి, చిత్రము సైతము నశించినచో నేమి చేయవలెను? మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విషయము సరిగా ఇట్టిదే. హెచ్. ఎం. రెడ్డిగారు దర్శకులు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకమును సురభివారు ఆడుచుండగా, దానినే చిత్రముగా తీసిరి. సురభి కమలాబాయి లీలావతిగను, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగను నటించిరి. చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిరి. ఇంతవరకు పేచీ లేదు. అది మొదట ప్రదర్శింపబడిన దెన్నడు అనుటయే ప్రశ్న.

1931 సెప్టెంబరు 15 అను తేదీ ఎన్నో యేండ్లు చెలామణి యయ్యెను. వ్యాసములు దానినే వ్రాసినవి. ఉత్సవములు ఆనాడే జరిగినవి. చిత్రము చూచి నిర్ణయింతమన్నచో దాని ప్రతి యొక్కటియు మిగులలేదు. ఆనాటి ఫిలిము నైట్రేటు జాతిది. ఎండకు చెడును, నిప్పు రవ్వకు భగ్గుమనును. అందలి వెండి కొరకు కరగించినవియు కలవు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది 1964లో. అప్పటికే పాత చిత్రములు చాలవరకు కాలగర్భమున కలసినవి. కావున మిగిలినవి కాగితములు మాత్రమే.

పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ కాగితములను వెదకిరి. బొంబాయిలో ఈ చిత్రమునకు సెన్సారు అనుమతి లభించినది 1932 జనవరి 22వ తేదీన అని తేలినది. ఇక తర్కము సులభము. అనుమతి పత్రము లేక చిత్రమును ప్రజలకు చూపరాదని 1918 నాటి చట్టము విధించినది. జనవరిలో అనుమతి పొందిన చిత్రము అంతకు ముందరి సెప్టెంబరులో ఎట్లు ఆడగలదు? బొంబాయిలోని కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6వ తేదీన అది విడుదలయినట్లు తేలినది. నేడు పలువురు ఆ తేదీనే తెలుగు సినిమా పుట్టినరోజుగా తలచుచున్నారు.

ఐదు మాసముల తేడా యేపాటిది అని కొందరనవచ్చును. దాని ఫలితము చిన్నది కాదు. హెచ్. ఎం. రెడ్డిగారే తీసిన 'కాళిదాసు' 1931 అక్టోబరు 31న మదరాసులో విడుదలయ్యెను. అందు నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళము పలుకగా తెలుగు పలికినవారును కలరు. సెప్టెంబరు తేదీ నిజమైనచో 'భక్త ప్రహ్లాద' దానికి ముందుదగును. ఫిబ్రవరి నిజమైనచో వెనుకటి దగును. అనగా తెలుగు పలుకు తెరమీద మొదట వినబడినది 'కాళిదాసు'లోనే. పూర్తిగా తెలుగులో నడచిన మొదటి చిత్రమను గౌరవము మాత్రము 'భక్త ప్రహ్లాద'కే చెందును. ఒక్క తేదీ మారగా చరిత్రలో వరుసయే మారినది.

ఇట్టి శోధనకు ఉపకరించు సాధనములు కొన్ని కలవు. సినిమా హాలు వద్ద అమ్మిన పాటల పుస్తకములో కథాసంగ్రహము, పాత్రధారుల పట్టిక, పాటలు ఉండును. రికార్డు చీటీ మీద పేర్లతో పాటు ఒక సంఖ్య యుండును; చీటీకి చేరువగా లక్కలో చెక్కిన మరియొక సంఖ్య ముద్రణ క్రమమును తెలుపును. సెన్సారు పత్రము తేదీని, ఫిలిము పొడవును చెప్పును. టాకీ ఫిలిము నిమిషమునకు 90 అడుగులు నడచును గనుక, 9,000 అడుగుల చిత్రము 100 నిమిషములు ఆడునని లెక్క కట్టవచ్చును. పాత రేడియో పత్రికలలో ఏనాడు ఎవరు పాడుదురో అచ్చయి యున్నది. అయితే ఆ పట్టిక ముందుగా వేసినది. గాయకునికి జ్వరము వచ్చి ఆనాడు మరియొకరు పాడి యుండవచ్చును. సినిమా ప్రకటనయు నట్టిదే. 'త్వరలో వచ్చుచున్నది' అనుట వచ్చుట కాదు.

ఈ కాగితములన్నియు ఒక్కచోట లేవు. ఒకరి తాతగారు సినిమా హాలులో పని చేసి యుండును. వారి ట్రంకు పెట్టెలో పాటల పుస్తకము లుండును. మరియొకరు రికార్డుల దుకాణము నడపిన వారి మనుమలు. వారి వద్ద ఏమున్నదో మనకు తెలియదు. మనకేమి కావలెనో వారికి తెలియదు. కనుకనే నలుగురిలో అడుగవలెను. పూర్వము పత్రికల పాఠకుల లేఖల ద్వారా అడిగెడివారు. నేడు చేతి ఫోను మీద అడిగిన ప్రశ్న అరగడియలో అమెరికాలోని తెలుగువారికి సైతము చేరును. ఎరిగినవారు పదిమందే యుందురు, ఎరుగనివారు కోట్లు. జవాబు అటువైపు ఉండుటలో వింత లేదు.

అడుగుటలో కొంత నేర్పు కావలెను. 'ఒక పాత పాట కలదు, చెప్పగలరా?' అన్నచో ఎవరును చెప్పలేరు. విన్నది ఎప్పుడు, ఎక్కడ, స్త్రీ కంఠమా పురుష కంఠమా, జ్ఞప్తియందున్న మాట లేవి అని వివరింపవలెను. ఇది కన్నులార చూచినది, ఇది ఒకరు చెప్పగా విన్నది అని వేరు చేయవలెను. ఒకే పేరు గల చిత్రములు పెక్కు గలవని మరువరాదు. 'లవకుశ' 1934లో ఒకటి, 1963లో ఒకటి. 'భక్త ప్రహ్లాద' 1932, 1942, 1967లలో మూడు. సంవత్సరము చెప్పక చిత్రము పేరు చెప్పుట ఇంటి పేరు చెప్పక సుబ్బారావును వెదకుట వంటిది.

వచ్చిన జవాబులను తూచుట అంతకన్న ముఖ్యము. పదిమంది ఒకే మాట చెప్పిరని సంతోషింపరాదు. ఆ పదిమందియు ఒకే పుస్తకము చదివి చెప్పినచో సాక్షి ఒక్కడే. సెప్టెంబరు 15కు కలిగిన బలము ఇట్టిదే. ఎరుగనివారి వద్ద జవాబు తీసికొనునపుడు 'మీకెట్లు తెలిసినది?' అని వినయముగా అడుగుట అవమానింపుట కాదు. నిజముగా చూచినవాడు ఆ ప్రశ్నకు ఆనందించును.

కాగితము చెప్పనిదియు కొంత యుండును. 1957 నాటి 'మాయాబజార్' తెరమీద సంగీత దర్శకునిగా ఘంటసాలగారి పేరు మాత్రమే కనబడును. అందలి కొన్ని పాటలకు మొదట వరుసలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావుగారనియు, వారు తప్పుకొనిన పిదప ఘంటసాలగారు ఆ పని పూర్తి చేసిరనియు సంగీతాభిమానులు చెప్పుకొందురు. ఈ సంగతి నిలిచినది మనుష్యుల నోట, టైటిళ్లలో కాదు. కావున కాగితమును స్మృతితోను, స్మృతిని కాగితముతోను సరిచూడవలెను. ఒకదానిని పట్టుకొని రెండవదానిని త్రోసివేయరాదు.

తుదకు ఒక మనవి. సమాధానము దొరికిన పిదప, చెప్పినవారికి కృతజ్ఞత తెలిపి, ఆధారముతో సహా నలుగురికి తెలియునట్లు వ్రాసి యుంచవలెను. లేనిచో మరల పదియేండ్లకు మరియొకరు మొదటినుండి వెదకవలసి వచ్చును. మన ఇండ్లలోని పాత పాటల పుస్తకములను, రికార్డు సంచులను, పత్రికలను పాత కాగితముల వానికి తూచి యిచ్చుటకు ముందు ఒక్కసారి తెరచి చూడుడు. ఫొటోల వెనుక పేర్లు, సంవత్సరము వ్రాయుడు. ఎక్కడనో ఎవరో మీరెరుగని వారు ఆ ఒక్క పేరు కొరకే అందరిని అడుగుచుండవచ్చును.