విమానానికి కవచమంటే ఉత్త ఇనుము కాదు

కొండాపూర్ల చాయ్ తాగుతుంటే పక్కనున్న బైక్ ట్యాక్సీ తమ్ముడు అడిగిండు: "అన్నా, యుద్ధ విమానానికి ట్యాంకు లెక్క మందం ఇనుము ఎందుకు తొడగరు?"

తొడిగితే అది లేవదు. బరువు పెరిగితే ఇంధనం, ఆయుధాలు తగ్గించుకోవాలె. అందుకే పైలట్ సీటు చుట్టూ, ప్రాణం పోయే జాగల్లనే కవచం పెడతరు. ఇంధన ట్యాంకుకు రబ్బరు పొర వేస్తరు. తూటా దిగితే, కారే ఇంధనం తగిలి రబ్బరు ఉబ్బి, చిల్లి మూసుకుంటది.

కానీ ఇయ్యాల తూటా కంటే పెద్ద భయం మిసైల్. అది రెండు తీర్ల వస్తది. ఒకటి, ఇంజిన్ వేడి పట్టుకొని. దానికి మందు ఫ్లేర్లు. మెగ్నీషియం ముద్దలు భగ్గున మండుతూ రాలుతయి. మిసైల్ వాటినే ఇంజిన్ అనుకొని అటు మళ్లుతది. రెండోది, రాడార్ చూపు పట్టుకొని. దానికి చాఫ్. అల్యూమినియం పూసిన సన్నని గాజు పోగుల్ని రాడార్ తరంగం పొడవుల సగానికి కోసి గాల్ల చల్లుతరు. ఆ పోగుల మబ్బు రాడార్‌కు విమానం లెక్క కనబడతది.

ఇదంతా పనిచెయ్యాలంటే, శత్రువు రాడార్ తనను పట్టిందని పైలట్‌కు ముందే తెల్వాలె. దాన్ని పసిగట్టే పరికరాలు, రాడార్ కండ్లు కప్పే జామర్లు అందుకే. ఈ ఎలక్ట్రానిక్ యుద్ధ విద్య మీద మన చాంద్రాయణగుట్టల డీఎల్‌ఆర్‌ఎల్ అరవై ఏండ్లకు పైగా పనిచేస్తున్నది. మేం చాయ్ తాగిన కొండాపూర్లనే, 1991ల పుట్టిన ఆస్ట్రా మైక్రోవేవ్ ఆఫీసు ఉన్నది. రాడార్లకు, ఎలక్ట్రానిక్ యుద్ధానికి కావాల్సిన మైక్రోవేవ్ భాగాలు ఈ కంపెనీ చేస్తది. హైటెక్ సిటీ అంటే ఒక్క సాఫ్ట్‌వేరే అనుకోవద్దు.

మరి విద్య ఉంటే సరిపోతదా? 1999 మే 28న, కార్గిల్ యుద్ధంల తోలోలింగ్ దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను స్టింగర్ మిసైల్ కూల్చింది. నలుగురు చనిపోయిన్రు. ఆ హెలికాప్టర్ల ఫ్లేర్లు లేవు.

విమానం కొన్నప్పుడు దాని ధర, వేగం పేపర్ల మొదటి పేజీల వస్తయి. లోపల కూసునేటోన్ని కాపాడే సామాను ప్రతి దాంట్ల ఉన్నదా అని అడిగేటోళ్లు తక్కువ. దేశ రహస్యం అంటరు. జామర్ ఎట్ల పనిచేస్తదో చెప్పొద్దు, సరే. ఉన్నదా లేదా అన్నది పార్లమెంటు కమిటీ, కాగ్ గట్టిగ అడగాలె. పైసలు మనయి, పోయే ప్రాణం మన పిల్లలది.

ఇదంతా విని తమ్ముడు బండి స్టార్ట్ చేసుకుంట అన్నడు: "హెల్మెట్ లేకుంటే మాకు చలాన్ రాస్తరు గదన్నా. ఫ్లేర్లు లేకుండ పంపినోళ్లకు ఎవరు రాస్తరు?"