ఒంటికి బరువులు కట్టుకుంటే...



తెల్లవారి లేచింది మొదలు రాత్రి వంటిల్లు సర్దేదాకా మనకి కూర్చునే తీరిక వుండదు. అయినా డాక్టరుగారి దగ్గరికి వెళితే “వ్యాయామం ఏమైనా చేస్తున్నారా అమ్మా?” అని అడుగుతారు. పొద్దస్తమానం చేసేది వ్యాయామం కాదా అని మనకి వొళ్ళు మండుతుంది. ఆ మంట చూసుకునే కాబోలు, కొత్త సరుకొకటి బజారులో దిగింది. చీలమండలకీ, మణికట్లకీ చుట్టుకునే బరువు పట్టీలు. చొక్కా మీద తొడుక్కునే, చేతుల్లేని బరువు కోటు. లోపల ఇసుకో, ఇనుప రజనో పోసి కుట్టి వుంటుంది. “ఇవి కట్టుకుని మీ పనులు మీరు చేసుకోండి, పనికి పనీ అవుతుంది, వొళ్ళూ తగ్గుతుంది” అంటారు అమ్మేవాళ్ళు.

కొనే ముందు ఒక్క సంగతి ఆలోచిద్దాం. నీళ్ళబిందె చంకన పెట్టుకుంటే వీధి చివర దాకా మోస్తాం. అదే బిందెని చెయ్యి చాచి పట్టుకోమంటే నాలుగడుగులు వెయ్యలేం. బరువు మారలేదు, బరువున్న చోటు మారింది. ఈ పట్టీల మంచీ చెడూ అంతా అక్కడే వుంది. ఎంత కట్టుకున్నామన్న దానికంటే ఎక్కడ కట్టుకున్నామన్నది ముఖ్యం.

దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. 1969లో అమెరికా సైన్యం పరిశోధకులు మనుషులకి తలమీద, చేతుల్లో, పాదాలకి బరువులు పెట్టి నడిపించారు. పాదాలకి కట్టిన ఒక్క కిలో, ఒంటిమీద నాలుగు నుంచి ఆరు కిలోలు మోసినంత శక్తిని తినేసింది. ఇంకో విచిత్రం వినండి. తూర్పు ఆఫ్రికాలో చిన్నప్పటినుంచీ నెత్తిన బరువులు మోయడం అలవాటైన ఆడవాళ్ళు, తమ బరువులో అయిదోవంతు దాకా తలమీద పెట్టుకుని నడిచినా, అదనంగా శక్తి ఖర్చు కాలేదని 1986లో తేలింది. అలవాటూ, నడక తీరూ అంత పనిచేస్తాయన్నమాట.

“పాదాలకి కడితే ఎక్కువ ఖర్చవుతుందంటున్నారు, మరి మంచిదే కదా!” అని మీరు అనొచ్చు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చూడాలి. నడిచేటప్పుడు కాలు గడియారం లోలకంలా ఊగుతుంది. చివర బరువు వేలాడదీస్తే దాన్ని ముందుకి లాగడానికీ, మళ్ళీ ఆపడానికీ తొడ ముందు కండరమూ, తుంటి కీలూ, మోకాలూ ఊరికే గుంజుకులాడాలి. తొడ ముందువైపు బిగిసి, వెనకవైపు వెనకబడుతుంది. నడక తీరు మారుతుంది. గంటా రెండు గంటలు అలా తిరిగితే కండరం బలపడటం మాట దేవుడెరుగు, అప్పటికే అరిగిన మోకాలుంటే అది మూలుగుతుంది. మెట్లెక్కేటప్పుడూ, తడి నేల మీదా అయితే అసలే వద్దు. ఎత్తాననుకున్నంత ఎత్తుకి కాలు లేవదు, గడప తగులుతుంది.

వెనకటివాళ్ళు కాళ్ళకి కడియాలు పెట్టుకోలేదా అంటారేమో! నలభై తులాల కడియాలు అని గొప్పగా చెప్పుకునేవారు. లెక్క వేస్తే జత అరకిలో కూడా లేదు. ఒక్కో కాలికి పావుకిలో లోపే. ఇప్పుడు అమ్మే పట్టీలు ఒక్కోటీ అరకిలో, కిలో, అంతకన్నా ఎక్కువ కూడా వున్నాయి.

అలాగని చీలమండ పట్టీ పనికిరాని వస్తువేం కాదు. దానికి తగిన చోటు కుర్చీ. మోకాళ్ళకి వ్యాయామం చెప్పేవాళ్ళు వాడేది ఇలాగే. అరకిలో పట్టీ కట్టుకుని కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. కాలు మెల్లిగా ముందుకి చాచి, అయిదు లెక్కపెట్టేదాకా నిలిపి, మెల్లిగానే దించండి. పది సార్లు ఒక కాలు, పది సార్లు ఇంకో కాలు. దించేటప్పుడు ధబేలున వదిలేస్తే సగం ఫలితం పోయినట్టే. బియ్యం ఏరుకుంటూ, టీవీ చూస్తూ చేసుకోవచ్చు. అయిపోగానే పట్టీ విప్పేయాలి.

మణికట్టు పట్టీలు కూడా వంటింట్లో వద్దు. కాగే నూనె ముందు చెయ్యి మన చెప్పుచేతల్లో వుండాలి కదా! నడకలో అరకిలో కట్టుకుని చేతులు ఊపితే గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, నిజమే. భుజం పట్టేసినవాళ్ళు, రక్తపోటు అదుపులో లేనివాళ్ళు ఆ జోలికి పోకూడదు.

ఇక బరువు కోటు. ఇది నడుముకి పైన, ఒంటిని అంటిపెట్టుకుని వుంటుంది కనక నడకని అంతగా చెడగొట్టదు. అయితే దీనితో ఒరిగేదెంత? 60 కిలోల మనిషి గంటసేపు మామూలుగా నడిస్తే ఉజ్జాయింపుగా 200 కేలరీలు ఖర్చవుతాయి. 3 కిలోల కోటు వేసుకుంటే ఇంకో 10. అంటే అరచెంచా పంచదార! కాఫీలో ఆ అరచెంచా మానేస్తే కోటు కొనే పనే లేదు.

స్వీడన్‌లో 2020లో స్థూలకాయులైన కొందరి చేత వాళ్ళ బరువులో నూటికి 11 వంతుల కోటు రోజుకి 8 గంటల చొప్పున మూడు వారాలు తొడిగించారు. సుమారు కిలోన్నర తగ్గారు. పేరుకి మాత్రమే బరువున్న కోటు వేసుకున్నవాళ్ళు పావుకిలో పైచిలుకు తగ్గారు. బాగానే వుంది గానీ, 80 కిలోల మనిషికి అది దాదాపు 9 కిలోలు. ఏడాది పిల్లని ఎనిమిది గంటలు దించకుండా ఎత్తుకోవడమే! మనలో ఎంతమంది నడుములు దానికి ఒప్పుకుంటాయి?

బహిష్టులు ఆగినవాళ్ళు దీన్ని ఎముకల కోసం కొంటున్నారు. ఆ వయసులో ఎముక గుల్లబారుతుందన్న భయం అబద్ధం కాదు, జారిపడి తుంటి విరిగితే మంచం దిగడమే గగనం. 2000లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు ప్రకటించిన పరిశోధనలో, బరువు కోటుతో అయిదేళ్ళు సాధన చేసిన కొద్దిమంది స్త్రీలలో తుంటి ఎముక నిలబడింది. కానీ వాళ్ళు కోటు వేసుకుని ఊరికే తిరగలేదు. వారానికి మూడు రోజులు దానితో గెంతారు, గుంజిళ్ళ వంటివి తీశారు. ఆ తరువాత 2025లో, బరువు తగ్గుతున్న 150 మంది పెద్దవాళ్ళ మీద ఇంకో పరీక్ష జరిగింది. రోజుకి సగటున ఏడు గంటలు కోటు వేసుకున్నవాళ్ళకీ తుంటి ఎముక తరుగుదల ఆగలేదు. ఎముకకి కావలసింది అదురు, కండరం లాగే లాగు. తొడుక్కున్నంత మాత్రాన అవి రావు. నా ఉద్దేశంలో ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కుని, రోజూ చురుగ్గా నడిచి, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం మేలు.

కొందరు వీటిని డాక్టరు చెప్పనిదే ముట్టుకోకూడదు. గర్భిణులు, ఆపరేషను కుట్లు ఇంకా గట్టిపడనివారు, దగ్గితే తుమ్మితే మూత్రం జారేవారు, గర్భసంచి జారినవారు, మెడనొప్పి, నడుంనొప్పి వున్నవారు, ఇదివరకే ఎముక విరిగినవారు. మధుమేహం వుండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే చీలమండకి పట్టీ బొత్తిగా వద్దు. ఒరుసుకుని పుండైనా తెలియదు.

కుర్చీలో వ్యాయామం చేసి చూద్దామనుకునేవారు మొదట ఇంట్లోనే పట్టీ కుట్టుకోండి. పాత పరికిణీ గుడ్డతో జానెడు పొడుగు సంచీ కుట్టి, దానిలో అరకిలో బియ్యం పోసి, ఒక చోటికి చేరకుండా మధ్య మధ్య అడ్డకుట్లు వెయ్యాలి. రెండు కొసలా నాడాలు కుట్టుకోండి. కట్టుకున్నాక సంచీకీ చర్మానికీ మధ్య ఒక వేలు దూరాలి. మరునాడు మోకాలు నొప్పిగానీ వాపుగానీ వుంటే బియ్యం సగానికి తగ్గించండి. మూడు రోజులకీ తగ్గకపోతే సంచీ విప్పి బియ్యం డబ్బాలో పోసేసి, డాక్టరుకి చూపించుకోండి.